ఆకు పసుపు, ఈనె పచ్చ

ఇల్లు, కిటికీ గది
ఆదివారం, వానలు ఇంకా రాలేదు

పిన్నీ,

నువ్వు బతికే ఉన్నావా అని అడగమంది అమ్మ. మాట ఇదే, నేనేమీ మార్చలేదు. "ఆ సీసాల మధ్య పడి తిండి తింటోందో లేదో, ఓ ముక్క రాసి పడెయ్యమను" అంది. కాబట్టి రాసి పడెయ్.

ఇక్కడ అమ్మకి స్కూలు యూనిఫారాల ఆర్డరు వచ్చింది. ఇల్లంతా నీలం గుడ్డ. కూర్చుందామంటే కుర్చీ మీద కాలర్లు, పడుకుందామంటే మంచం మీద చొక్కా చేతులు. నా పుస్తకం కోసం వెతికితే జేబుల గుట్ట కింద దొరికింది. నాన్న లారీ ఏ రోడ్డు మీదుందో ఆయనకే తెలియాలి. పోయిన వారం నాకు నెలనెలా ఎక్కించే రక్తం ఎక్కించారు. ఎప్పట్లాగే రెండ్రోజులు గుర్రంలా తిరిగాను, తర్వాత మామూలే. వార్డులో కొత్త నర్సు "చెయ్యి చాపు చిన్నపాపా" అంది. నాకు పదహారేళ్ళు అన్నాను. నవ్వింది. చీటీలో వయసు చూసి నవ్వు ఆపేసి, ఇంకో నర్సుని పిలుచుకొచ్చి నన్ను చూపించింది.

పెట్టె సంగతి నువ్వు అడగకముందే చెప్తున్నాను. రోజూ సాయంత్రం అమ్మ నా పొట్ట మీద సూది గుచ్చి, సిరంజిలోని మందును రాత్రంతా కొద్దికొద్దిగా ఎక్కించే ఆ పెట్టెని నడుముకి కడుతుంది. పొద్దున సిరంజిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఖాళీ అయిందో లేదో చూస్తుంది. చూసి "ఊఁ" అంటుంది. ఆ ఊఁ అనడానికే పెందలాడే లేస్తుందని నా అనుమానం. ఎక్కించుకున్న రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుందని, దాన్ని బయటికి లాగేది ఈ మందేనని, లాగకపోతే గుండెలో చేరుతుందని నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నువ్వు మళ్ళీ రాయక్కర్లేదు.

ఈమధ్య ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను పిన్నీ. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలీదు.

అన్నట్టు, నా గులాబీకి ఏదో అయింది. కిటికీలో ప్లాస్టిక్ కుండీలో ఉంటుందే, అది. కొత్తగా వచ్చే ఆకులన్నీ పసుపు. ఈనెలు మాత్రం పచ్చగా, కుంచెతో గీసినట్టున్నాయి. ముదురు ఆకులు బాగానే ఉన్నాయి. నువ్వు బాక్టీరియాల మనిషివే కానీ, మొక్కల సంగతి కూడా కొంచెం తెలిసే ఉంటుంది కదా.

పిచ్చుక


ప్రయోగశాల, మూడో అంతస్తు
శుక్రవారం

పిచ్చుకా,

బతికే ఉన్నానని మీ అమ్మకి చెప్పు. తింటున్నానని కూడా చెప్పు, అది సగం నిజం.

ఇన్ని చదువులు చదివి నేను చేస్తున్న పనేమిటో తెలుసా, గిన్నెలు తోమడం. ఇనుము బొత్తిగా లేని నీళ్ళు తయారు చెయ్యాలి. వినడానికి తేలికే. ఇనుము ఎక్కడ లేదు చెప్పు? కుళాయి నీళ్ళలో ఉంది, గాలి దుమ్ములో ఉంది, గాజుకి అంటుకుని ఉంటుంది. అందుకని ప్రతి సీసానీ ఆమ్లంలో నానబెట్టి, కడిగి, మళ్ళీ కడిగి, పొడులన్నీ ప్లాస్టిక్ చెంచాతోనే వేస్తాను. నిన్న మా పెద్దాయన, అంటే మా ల్యాబుకి పెద్దదిక్కు, స్టీలు చెంచా పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. నేను అరిచిన అరుపుకి చెంచా కింద పడింది. అప్పట్నుంచి ఆయన నా గది గుమ్మం దగ్గర ఆగి, "రావచ్చా తల్లీ" అని చేతులు రెండూ చూపించి మరీ వస్తున్నాడు.

ఎందుకీ తిప్పలంటే, ఇనుము దొరక్కుండా చేస్తే బాక్టీరియా ఏం చేస్తుందో చూడాలి. దానికి ఇనుము లేకపోతే గడవదు, ఎక్కువైతే ఒళ్ళు పాడవుతుంది, నీకు మల్లేనే. అందుకని లోపల ఒక కాపలావాణ్ణి పెట్టుకుంటుంది. వాడొక ప్రోటీను. చేతిలో ఇనుము ఉన్నంతసేపూ వాడు కొన్ని జన్యువుల గుమ్మానికి అడ్డంగా కూర్చుంటాడు. ఇంట్లో సరుకుంది, ఎవరూ బయటికి పోనక్కర్లేదు అన్నట్టు. ఇనుము తగ్గితే వాడి చెయ్యి ఖాళీ అవుతుంది. ఖాళీ చేత్తో అక్కడ కూర్చోవడం వాడికి చేతకాదు, లేచిపోతాడు. గుమ్మం తెరుచుకుని ఆ జన్యువులు పనిలోకి దిగుతాయి. సన్నటి వలలు అల్లి బయటికి విసురుతాయి. ఆ వల ఇనుమును పట్టుకుంటుంది. పట్టిన వలను లోపలికి లాక్కోవడానికి గోడలో దానికి సరిపోయే తలుపులు కూడా కట్టుకుంటాయి. కడుపు నిండగానే వాడు మళ్ళీ గుమ్మంలో హాజరు.

నీ మందు కూడా అలాంటి వలే. మట్టిలో బతికే ఒక బాక్టీరియా తన కోసం అల్లుకున్నది. దాన్ని మనవాళ్ళు తీసుకొచ్చి నీ పొట్టలోకి పంపిస్తున్నారు. ఈ సంగతి నీకు నిద్రలో లేపినా తెలీదు కదా, అందుకే రాశాను.

నేను పెంచుతున్నది పేగుల్లో చేరి జ్వరం తెప్పించే రకం. వట్టి సోమరిపోతు. దానికి సొంతంగా వల అల్లడం రాదు. కాబట్టి నా నీళ్ళలో మాడిపోవాలి. మాడటం లేదు. ఎక్కడ్నుంచో ఇనుము దూరుతోంది. నాకు పిచ్చెక్కుతోంది.

గులాబీ మాటకొస్తే, ఆకు పసుపు, ఈనె పచ్చ అంటే మొక్కకి ఇనుము అందడం లేదని. పుస్తకంలో బొమ్మ చూసి చెప్పినట్టు చెప్పావు. కానీ కుండీ మట్టిలో ఇనుముకి కరువేముంటుంది? ఏం పోస్తున్నావు దానికి?

పిన్ని


ఇల్లు, కిటికీ గది
గురువారం

పిన్నీ,

కాపలావాడు నాకు నచ్చాడు. మా ఇంట్లో అమ్మలాంటివాడు. తేడా ఏంటంటే అమ్మ చేతిలో ఏమున్నా లేకపోయినా గుమ్మంలోంచి లేవదు.

మీ పెద్దాయనకి పెళ్ళయిందా? పిల్లలున్నారా? నీ సీసాలు కడగడానికి మనిషిని పెట్టుకోకూడదా? అక్కడ వాన పడిందా? ఇక్కడ మబ్బు పట్టి విడిపోతోంది. యూనిఫారాల బొత్తాలు తక్కువొచ్చాయి. అమ్మ ఆ బొత్తాల కొట్టువాణ్ణి తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం చాలదు.

మొక్క బాగానే ఉంది. నీళ్ళే పోస్తున్నాను.

పిచ్చుక


ప్రయోగశాల
సోమవారం

పిచ్చుకా,

అన్ని ప్రశ్నలు వేసి, నేను వేసిన ఒక్కదానికీ ఒక్క ముక్కలో జవాబిచ్చావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్నే, నాకు తెలీదా?

కుండీలోని మొక్కకి ఇనుము అందకుండా చెయ్యాలంటే ఆ ఇనుమును ఏదో గట్టిగా పట్టుకుని వదలకుండా ఉండాలి. అంత గట్టిగా పట్టుకునే వస్తువు మీ ఇంట్లో ఒకటే ఉంది. అది నీ సిరంజిలో ఉండాలి. కుండీలో ఉంది.

అమ్మ అటు వెళ్ళగానే మందు గులాబీకి పోసి, ఖాళీ సిరంజిని పెట్టెలో పెట్టుకుని పడుకుంటున్నావు. పొద్దున ఆ పిచ్చిది దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి ఊఁ అంటోంది. అవునా కాదా రాయి.

నిన్నటి నుంచి కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను. చేతిలో సీసా పగిలింది. కోపం కాదు, భయం. నువ్వు నిద్రలో కూడా చెప్తానన్నావే, గుండెలో చేరుతుందని, అది నోటిపాఠం కాదు తల్లీ. మీ వార్డులో నీకంటే పెద్దవాళ్ళు ఇప్పుడు ఎంతమంది వస్తున్నారో ఒకసారి ఆలోచించుకో. ఇంతకంటే రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇవాళ్టి నుంచి మందు పెట్టుకుంటే నా నోరు కుట్టేసుకుంటాను. లేదంటే మీ అమ్మకి నేనే చెప్తాను. ఒట్టు.

పిన్ని


ఇల్లు
శనివారం

పిన్నీ,

అవును.

ఎప్పట్నుంచి అని అడక్కు. ముందు వారానికోసారి మానేసేదాన్ని, తర్వాత వారానికోసారి పెట్టుకునేదాన్ని. పొట్ట మీద ఎక్కడ నొక్కినా గట్టి గడ్డలే, లంగా బొందు కట్టుకుంటే ప్రాణం పోతుంది. ఎంత పెట్టుకున్నా నేను ఎదిగేది లేదు, ఆ నర్సులు నవ్వడం మానేది లేదు. అమ్మకి చెప్పి చూశాను, వారానికి ఒక్కరోజు వదిలెయ్యమని. డాక్టరు చెప్పాడని అబద్ధం కూడా ఆడాను. వెళ్ళి డాక్టర్నే అడిగింది. అప్పట్నుంచి నేను తలనొప్పి అన్నా నమ్మదు. ఏం చెప్పినా సూది కోసమే అంటుంది.

నువ్వు మొక్కని చూసి నన్ను పట్టుకుంటావని అనుకోలేదు. నాకు బుద్ధి లేదు. నిజంగానే దానికి ఏమైందో తెలుసుకోవాలనిపించింది, అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మెట్లెక్కితే గుండె టకటకా కొట్టుకుంటోంది. ఒక్కోసారి ఎక్కకపోయినా కొట్టుకుంటోంది. అందుకే నీ ఉత్తరం చూసి ఏడుపొచ్చింది, నువ్వు తిట్టావని కాదు.

పెట్టుకుంటాను. నిన్న పెట్టుకున్నాను. నువ్వన్నావు కాబట్టి. కానీ అమ్మకి మాత్రం చెప్పకు. చెప్తే ఆవిడ బతికున్నన్నాళ్ళూ నా మొహం చూసి నమ్మదు.

పిచ్చుక


ప్రయోగశాల
మంగళవారం, ఇక్కడ వాన మొదలైంది

నా బంగారూ,

చెప్పను. మాటంటే మాటే. గుండె సంగతి మాత్రం ఈసారి రక్తానికి వెళ్ళినప్పుడు డాక్టరుకి నీ నోటితో నువ్వే చెప్పాలి. మందు పనిచేస్తే పొద్దున ఒంటికి వెళ్ళినప్పుడు ఇటుక రంగు కనిపిస్తుంది. లోపలి ఇనుము అలా బయటికి పోతుంది. సిరంజి చూడటం కంటే అది చూసుకో.

ఇక నా గోల. నీళ్ళలో మిగిలిన ఆ కాస్త ఇనుమును ఎలాగైనా కట్టిపడెయ్యాలని ఒక ఉపాయం చేశాను. ఆసుపత్రి మందుల గదిలో గడువు దాటిన నీ మందు సీసాలుంటే అడిగి తెచ్చుకున్నాను. గులాబీని అంతగా మాడ్చిన వల, నా సోమరిపోతును మాడ్చదా అని. మందు వేసిన సీసా, వెయ్యని సీసా పక్కపక్కనే పెట్టి ఇంటికెళ్ళాను.

పొద్దున వచ్చి చూస్తే వెయ్యని సీసా తేటగా ఉంది. అంటే నా గిన్నెలు తోమడం ఇన్నాళ్ళకి ఫలించింది. మందు వేసిన సీసా మాత్రం బాక్టీరియా విరగబడి పెరిగి గంజిలా తెల్లబడి ఉంది. తలకిందులైపోయింది. మందు సీసాలే పాడైపోయాయేమో, వాటిలోనే ఇనుము కలిసిందేమో. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. పెద్దాయన చూసి గడ్డం గోక్కుని, "ఇంకోసారి చెయ్యి తల్లీ" అన్నాడు. ఆయనకేం, కడిగేది నేను.

నువ్వు మందు మానకు. ఏమొచ్చినా సరే మానకు.

పిన్ని


ఇల్లు, మంచం మీద
బుధవారం

పిన్నీ,

రాత వంకరగా ఉంటే ఏమనుకోకు, పడుకుని రాస్తున్నాను. జ్వరం. ఆదివారం నుంచి. కడుపులో కుడివైపు కింద మెలిపెట్టినట్టు నొప్పి, విరేచనాలు. బడి పక్కన కొత్తగా పెట్టిన బండి మీద చల్లటి పాలు తాగాను, అదేనేమో. వీధి చివరి డాక్టరు పొట్ట నొక్కి చూసి, పడని తిండి అని సీసా మందు రాసిచ్చాడు. తాగితే వాంతి అవుతోంది.

కానీ నువ్వు సంతోషించే మాట చెప్తాను. ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరంలో కూడా. అమ్మే ఆశ్చర్యపోతోంది, "ఏమిటే, అడగకుండానే పొట్ట చూపిస్తున్నావ్" అని. ఇటుక రంగు కనిపించింది. పూర్వం మానేసినవన్నీ పూడ్చుకోవాలని మందు కొంచెం ఎక్కువ వెయ్యమన్నాను కూడా. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నిన్నటికంటే ఇవాళ ఎక్కువ వణుకుతున్నాను. గుండె టకటకా కూడా ఉంది. భయం వేస్తోంది పిన్నీ. ఇది జ్వరానికేనంటావా?

పిచ్చుక


తపాలా ఆఫీసు బల్ల దగ్గర నుంచి
శనివారం

అక్కా,

ఫోన్లో నా మాట పూర్తి కాకముందే పెట్టేశావు. మళ్ళీ చేస్తే, ఫోను ఎత్తిన మీ కింది కొట్టాయన నువ్వు రానన్నావని చెప్పాడు. అందుకే ఎక్స్‌ప్రెస్‌లో ఈ ఉత్తరం. ఇది అందేలోపు రైలెక్కేస్తాను. అయినా రాస్తున్నాను, ఎవరు ముందు చేరితే వాళ్ళు.

మందు ఆపు. పూర్తిగా కాదు, జ్వరం తగ్గేదాకా. వెంటనే పిల్లని పెద్దాసుపత్రికి, రక్తం ఎక్కించే డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళు. వీధి చివరి డాక్టరు వద్దు.

"సూది తప్పించుకోవడానికి నిన్ను పట్టుకుందా" అన్నావు. అది నన్ను పట్టుకోలేదు. దాన్ని పట్టుకున్నది నా సీసాలో పెరిగే రకం క్రిమేమో. విను. పేగుల్లో చేరే ఒక రకం బాక్టీరియా ఉంది. దానికి సొంతంగా ఇనుము సంపాదించుకోవడం రాదు. మామూలు మనిషిలో పెద్దగా ఏమీ చెయ్యలేక ఊరుకుంటుంది. కానీ దాని గోడలో ఒక తలుపుంది. ఆ తలుపుకి మన పిల్ల మందు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మందు పిల్ల ఒంట్లో ఇనుమును పట్టుకుంటుంది. అది బయటికి పోయేలోపు ఈ క్రిమి ఆ మందునే చెంచా చేసుకుని తాగేస్తుంది. ఆకలితో చావాల్సింది విందు తింటుంది. ఇది నా బల్ల మీద నా కళ్ళ ముందే జరిగింది. వారం రోజులు నా మందు సీసాలు పాడైపోయాయనుకున్నాను. పిల్ల ఉత్తరంలో జ్వరం, కడుపునొప్పి అని చదవగానే తెలిసింది సంగతి. పెద్దాయన్ని అడిగితే, ఇలాంటి పిల్లల్లో ఆసుపత్రుల వాళ్ళు ఇది ముందే చూశారని పుస్తకం తీసి చూపించాడు.

ఆ క్రిమే అవునో కాదో రక్తం పరీక్ష చేస్తే తెలుస్తుంది. అప్పటిదాకా మందు ఆపితే వచ్చే నష్టం లేదు. ఆపకపోతే, అక్కా, నేను రాయలేను.

నీకు ఆ మందు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా పండగనాడైనా మానకుండా గుచ్చిన చెయ్యి నీది. ఈ ఒక్కసారికి ఆ చెయ్యి ఆపు. కావాలంటే ఆ తర్వాత జన్మంతా నన్ను తిట్టు.

నీ చెల్లెలు


పెద్దాసుపత్రి, కిటికీ పక్క మంచం
గురువారం

పిన్నీ,

రైలెక్కబోతుంటే అమ్మ మీ ల్యాబుకి ఫోన్ చేసి ఆపిందట కదా. "వస్తే ఇద్దర్నీ చూసుకోవాలి, నా వల్ల కాదు" అందట. ఇప్పుడు జ్వరం తగ్గింది. చేతికి సెలైను ఉంది, అందుకే ఎడం చేత్తో రాస్తున్నాను.

అసలు ఏం జరిగిందో నేనే చెప్పాలి. అమ్మ చెప్తే అందులో తిట్లు తీసేస్తే ఏమీ మిగలదు.

నీ మొదటి ఫోన్ తర్వాత అమ్మ మెట్లెక్కి వచ్చి, "మీ పిన్ని కూడా నీ పాటే పాడుతోంది" అంది. నాకేమీ అర్థం కాలేదు. ఏమంది అన్నాను. "మందు ఆపాలట. ఇద్దరూ కలిసి ఉత్తరాల్లో బాగానే అల్లారు" అంటూ సిరంజి నింపింది. పొట్టకి గుచ్చి పెట్టె కట్టి, మిషను దగ్గరికి పోయి కూర్చుంది.

ఏమొచ్చినా మానకు అని రాసింది నువ్వే. ఆ నువ్వే ఆపమన్నావంటే ఏదో ఉందనుకున్నాను. అమ్మా, పిన్ని అబద్ధం చెప్పదు అన్నాను. అమ్మ తలెత్తలేదు. నేను నమ్మించడానికి నా దగ్గర ఏమీ లేదు. పూర్వంలా అయితే ఆవిడ చూడనప్పుడు సూది తీసేసి మొక్కలో పోసి ఊరుకోవచ్చు. అలా చేస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?

లేచాను. సూది తీశాను. గోడ పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళి, "అమ్మా, ఇటు చూడు" అన్నాను. చూసింది. ఆవిడ చూస్తుండగానే సిరంజిలో మందంతా గులాబీలో పోశాను.

"రోజూ ఇలాగే పోసేదాన్ని. ఈ ఆకులు ఇలా పసుపెక్కింది అందుకే. అప్పుడు నీకు చెప్పలేదు. తప్పించుకోవాలనుంటే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు" అన్నాను.

అమ్మ వచ్చి ఆకు పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. నీలం గుడ్డల మీద కూర్చుండిపోయింది. కొడుతుందనుకున్నాను. లేచి, చెప్పులేసుకుని, బండి పిలవడానికి కిందికి పోయింది. మిషను దీపం కూడా ఆర్పలేదు.

ఇక్కడ డాక్టరు నా పొట్ట మీద చెయ్యి వేసి అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, "మందు ఆపారా?" అమ్మ నన్ను చూపించింది. "ఆపింది. అదే ఆపింది" అంది.

రక్తంలో దొరికింది నీ సోమరిపోతే. ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే అని ఏదో అనబోయి, నన్ను చూసి డాక్టరు మాట మార్చాడు. గుండె సంగతి కూడా ఆయనకి నా నోటితో నేనే చెప్పాను. తీగలు తగిలించి చూశారు. మందు మళ్ళీ మొదలుపెట్టి మానకుండా ఉంటే సర్దుకుంటుందట.

అమ్మ నాతో మాట్లాడుతోంది. లే, తాగు, పడుకో. ఆ మూడు మాటలే.

పిచ్చుక


ఇల్లు
ఆదివారం

చిన్నదానా,

నీకు తెలుసు. అది మందు కుండీలో పోస్తోందని నీకు తెలుసట, పిల్లే చెప్పింది. నాకు తెలీదు. నా ఇంట్లో, నా కిటికీలో. నువ్వు వందల మైళ్ళ అవతల కూర్చుని ఆకు రంగు విని కనిపెట్టావు. నేను ఆ మొక్క పక్కనే మిషను కుట్టుకుంటూ పొద్దున్నే ఖాళీ సిరంజి చూసి మురిసిపోయాను. నాకెందుకు చెప్పలేదు? పిల్ల ఒట్టు వేయించుకుందంటావు. దాని వయసు పదహారు, నీ వయసెంత?

నువ్వు ముందే చెప్పి ఉంటే నీ ఫోన్ నమ్మేదాన్నా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నమ్మేదాన్ని కాదేమో. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. కూతురు నిజం చెప్తే నమ్మలేదు, తోడబుట్టినది చెప్తే నమ్మలేదు, సిరంజి చెప్తే నమ్మాను.

ఆ జ్వరంలో అది పొట్ట చూపించి, ఇంకొంచెం వెయ్యమ్మా అంటే వేశాను. నా చేత్తోనే. నువ్వు రాసిన విందు, వడ్డించింది నేనే. యూనిఫారాలు ఇంకా సగం ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి వణుకుతోంది.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. ఇంతకంటే రావడం లేదు. డబ్బాలో వేసి పంపిన చిరుతిండి తిను, ల్యాబులో వాళ్ళకి పంచకు.

అక్క


ప్రయోగశాల
బుధవారం

అక్కా,

చెప్పాల్సింది. నువ్వు అన్నది నిజం. పిల్ల దగ్గర మంచిదాన్ని అనిపించుకోవాలని నా నోరు కుట్టుకున్నాను. కోపం ఉంచుకో, నేను భరిస్తాను.

చెయ్యి సంగతి మాత్రం ఒప్పుకోను. మీ డాక్టరు ఆ క్రిమిని నాకు పంపాడు, నిన్నే వచ్చింది. రెండు సీసాల్లో వేశాను. మందు లేని సీసా ఇవాళ పొద్దున అద్దంలా ఉంది. మందు ఉన్నది తెల్లబడింది. నువ్వు వేసింది విషం కాదు అక్కా. ఆ చెయ్యి ఇన్నేళ్ళు సూది పట్టబట్టే ఆ పిల్ల పదహారేళ్ళదాకా వచ్చి మనతో అబద్ధాలాడుతోంది. ఏమొచ్చినా మానకు అని దానికి రాసింది నేను. చదువుకున్నదాన్ని, రెండు సీసాలూ ముందు పెట్టుకుని మరీ రాశాను. నువ్వు మందు వేశావు, నేను వెయ్యమన్నాను. ఆ లెక్కన నీ చెయ్యి ఎంత వణికితే నాదీ అంత వణకాలి. వణుకుతోంది కూడా. సీసాలు పగులుతున్నాయి. పెద్దాయన నన్ను రెండ్రోజులు ఇంటికి పొమ్మన్నాడు. ఇంట్లో ఏం చెయ్యను, తోమడానికి గిన్నెలు కూడా లేవు.

మళ్ళీ మందు మొదలుపెట్టే రోజు దగ్గరికొస్తోంది. అది పెట్టుకుంటుందా అని నాకు గుబులుగా ఉంది. నీకు లేదా?

చెల్లి


ఇల్లు, కిటికీ గది
ఆదివారం, వాన వెలిసింది

పిన్నీ,

నువ్వు అమ్మకి రాసిన ఉత్తరం చదివాను. అమ్మే ఇచ్చి చదువుకోమంది. నీ ఉత్తరాలూ, నేను నీకు రాసినవాటి చిత్తు కాగితాలూ అన్నీ ఆవిడకి ఇచ్చేశాను. కాపలావాడి గురించి నేను రాసిన చోట కాసేపు ఆగింది. "లేవదు అన్నావా" అంది. అంతే అంది.

డాక్టరు మందు మొదలుపెట్టమన్నాడు. జ్వరం వచ్చినా, కడుపునొప్పి వచ్చినా ముందు మందు ఆపి ఆ తర్వాత తన దగ్గరికి రావాలని చీటీ మీద పెద్దక్షరాలతో రాసి అమ్మకి ఇవ్వబోయాడు. అమ్మ తీసుకోలేదు. "దానికివ్వండి" అంది.

ఇంటికొచ్చాక పెట్టె, సిరంజి, మందు అన్నీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నేనింక గుచ్చను. నువ్వే చూసుకో. పెట్టుకున్నానంటే పెట్టుకున్నావనే అనుకుంటాను" అంది. వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ళుగానో ఇదే కదా కోరుకున్నాను, ఎవరూ చూడకూడదని. తీరా వస్తే అమ్మని పిలిచి గుచ్చమనాలనిపించింది. పిలవలేదు. గుచ్చుకున్నాను. నొప్పి అంతే ఉంది, ఏమీ తగ్గలేదు. ఆ తర్వాత ఒక్కసారి కూడా మానలేదు. మానేద్దామని రోజూ అనిపిస్తుంది, అదీ రాసేస్తున్నాను. ఆవిడ అడిగితే బాగుండు, అరవడానికైనా వీలుంటుంది. అడగదు.

పొద్దున సిరంజి తీసి బల్ల మీద ఆవిడకి కనబడేలా పెడతాను. దాని వంక కూడా చూడదు.

నేను ఆసుపత్రిలో ఉండగా గులాబీకి మట్టంతా మార్చింది. ఎందుకమ్మా అంటే, పాత మట్టి పాడైందిగా అంది. నిన్న కొత్త చిగురు వేసింది. ఇవాళ పొద్దున నేను లేచేసరికి అమ్మ కిటికీ దగ్గర నిలబడి, ఆ చిగురాకును వేలితో ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూస్తోంది. ఆకంతా పచ్చగా ఉంది.

"ఊఁ" అంది.

పిచ్చుక